కూర్మనాథుడి తీరం

శ్రీకాకుళం చూసి రావాలనుకునేవాళ్లు సాధారణంగా ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసుకుంటారు. పొద్దుటిపూట గుళ్లు. అరసవల్లి, శ్రీకూర్మం, వీలుంటే శ్రీముఖలింగం. సాయంత్రానికి సముద్రం. కళింగపట్నం, ఇంకా పైకి వెళ్లే ఓపిక ఉంటే భావనపాడు, బారువ. పొద్దున తలస్నానం చేసి, గుడి బయట చెప్పులు విడిచి, గొంతు తగ్గించి నడిచినవాళ్లే సాయంత్రం ఇసుకలో స్పీకర్లు పెట్టుకుని, తిన్న పొట్లాలు గాలికి వదిలి వెళ్తారు. వాళ్లేదో చెడ్డవాళ్లని కాదు. గుడికి ఒక మర్యాద ఉందనీ, బీచ్‌కి ఏ మర్యాదా అక్కర్లేదనీ మనమంతా ఎప్పుడో ఒప్పేసుకున్నాం. మిగతా తీరాల సంగతి ఎలా ఉన్నా, ఈ జిల్లాలో ఆ ఒప్పందం చెల్లదని నా వాదన. శ్రీమహావిష్ణువుకు కూర్మరూపంలో నిత్యపూజ జరిగే అరుదైన క్షేత్రం ఇక్కడ ఉంది. ఆ గుడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇసుక మీదికి ఏటా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గర్భగుడిలో తాబేలుకు హారతి పట్టి, తీరాన తాబేలును చావుకు వదిలేస్తే ఆ భక్తి సగంలోనే ఆగిపోయినట్టు.

ముందు గుళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. శ్రీకాకుళం పట్టణం నాగావళి ఒడ్డున ఉంది. ఊరికి ఆనుకుని, రెండు కిలోమీటర్లలోపే అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం. దీన్ని 7వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన తూర్పు గంగ వంశపు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. మార్చి రెండో వారంలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు, మబ్బు అడ్డు రాకపోతే ఉదయపు కిరణాలు గుమ్మాలన్నీ దాటుకుని వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. దాని వెనక ఉన్న లెక్క తెలిస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు ఏడాదికి రెండు. మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 23 ప్రాంతంలో ఇంకొకటి. మొదటిదానికి దాదాపు పది రోజుల ముందు, రెండోదానికి దాదాపు పది రోజుల తర్వాత సూర్యుడు దిగంతం మీద ఒకే చోట, నిక్కమైన తూర్పుకు కాస్త దక్షిణంగా ఉదయిస్తాడు. అందుకే ఆ వెలుగు రెండుసార్లు అదే దారిన లోపలికి వస్తుంది. ఆ దారికి ఏదీ అడ్డం లేకుండా ఉంటేనే ఈ దర్శనం. వెలుగు ఎటు నుంచి రావాలి, ఎక్కడ పడాలి అన్నది ఇక్కడ పూజావిధానంలో భాగమైపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, తీరం దగ్గర దీని అవసరం పడుతుంది.

అక్కడి నుంచి సుమారు 13 కిలోమీటర్లు సముద్రం వైపు వెళ్తే గార మండలంలో శ్రీకూర్మం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఎదురుగా శ్వేత పుష్కరిణి. స్తంభాల మీద, గోడల మీద తెలుగులో, సంస్కృతంలో లెక్కకు మిక్కిలిగా శాసనాలు. వాటిలో 1281 నాటిది ఒకటి మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులది. ఆయన కళింగ రాజ్యంలో అధికారం నెరిపిన సన్యాసి. ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన విషయం ఆ శాసనం చెబుతుంది. రామానుజుల సంప్రదాయమూ మధ్వుల సంప్రదాయమూ రెండూ గౌరవించిన చోటు ఇది. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. దర్శనం అయ్యాక వాటికి ఆకులు పెట్టి దణ్ణం పెట్టుకోకుండా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లెవరూ వెళ్లరు. అంటే ఇక్కడి భక్తి రాతి విగ్రహం దగ్గర ఆగలేదు. ప్రాణం ఉన్న తాబేలు దాకా వచ్చింది. ఇంకొక్క అడుగు వేస్తే తీరం చేరుతుంది.

ఆ అడుగు కొత్తదేమీ కాదు. ఈ నేల మీది యాత్రలు ఎప్పుడూ నది వెంట సముద్రం దాకా నడిచాయి. బలరాముడు నాగావళి వెంబడి పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి ఈ అయిదు చోట్లా శివలింగాలను ప్రతిష్ఠించాడని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. చివరిది, కళ్లేపల్లి మణినాగేశ్వరుడు, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్నాడు. వంశధార సంగతీ అంతే. పైన శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. గంగరాజుల కళింగనగరం ఇదేనని చరిత్రకారుల మాట. పూరీ జగన్నాథుడి ఆలయానికి పునాది వేసిన అనంతవర్మ చోడగంగ దేవుడు ఈ వంశపు రాజే. అదే నది కిందికి దిగుతూ శాలిహుండం కొండ పక్కగా పోతుంది. ఆ కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. ఇంకా దిగితే కళింగపట్నం, సముద్రం. దీపస్తంభం ఉన్న పాత రేవు. రాజధాని, బౌద్ధారామం, రేవు ఒకే నీటి దారి మీద వరుసగా ఉన్నాయంటే, గుడికీ ఓడకీ మధ్య సంబంధం ఉందని వేరే రుజువు అక్కర్లేదు. మనం ఇప్పుడు బస్సు ఎక్కి దిగే చోట్లుగా విడగొట్టుకున్నాం గానీ, ఆ కాలపు మనిషికి ఇదంతా ఒకటే ఊరి వరస.

ఇక తాబేలు దగ్గరికి వద్దాం. ఈ తీరానికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లే జాతివి. సముద్రపు తాబేళ్లలో చిన్నవి, అయినా ఎదిగినది 35 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. మన ఉత్తర సరిహద్దు దాటగానే, ఒడిశా గంజాం జిల్లాలో ఋషికుల్య నది మొగ దగ్గర ఇవి కొన్ని ఏళ్లలో లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. శ్రీకాకుళం తీరంలో అలా గుంపులు గుంపులుగా కాదు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, రాత్రిపూట ఒంటరిగా వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా కాలం. పోటు తగలని చోటు చూసుకుని, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, నూటికి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో దాన్ని అణిచి, తెల్లారేలోగా వెనక్కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత తల్లి కాపలా ఉండదు. 45 నుంచి 60 రోజులపాటు ఇసుక వేడే వాటిని పొదుగుతుంది. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడి మీదే ఆధారపడుతుంది. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువ. పుట్టినవాటిలో పెద్దయ్యేవి వెయ్యింటికి ఒకటో రెండో అని నిపుణుల అంచనా. సముద్రంలో ఏళ్లు గడిపి, ఎదిగిన ఆడ తాబేలు తాను పుట్టిన తీర ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది. కాబట్టి ఈ ఏడు ఒక తీరం పాడైతే, ఆ నష్టం చాలా ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి సరిదిద్దుకునే వీలు ఉండకపోవచ్చు.

ఇందాక వెలుగు గురించి గుర్తుంచుకోమన్నాను. తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుక చీల్చుకుని బయటికొస్తాయి. సముద్రం ఎటు ఉందో వాటికి చెప్పేవాళ్లు లేరు. తక్కువ ఎత్తులో కనిపించే వెలుగు వైపు, చీకటిగా ఉన్న చెట్లకూ దిబ్బలకూ ఎదురు దిశలో నడవడం వాటి పుట్టుకతో వచ్చిన తెలివి. చుక్కల కాంతి, చంద్రుడి కాంతి పడి మెరిసే నీరే కోట్ల ఏళ్లుగా అన్నిటికన్నా వెలుగైన చోటు. ఇప్పుడు వెనకవైపు హోటల్ బల్బులు, తీరం రోడ్డు మీది ఎల్‌ఈడీలు, ఫ్లడ్‌లైట్లు వెలిగితే పిల్లలు అటు నడుస్తాయి. తెల్లవారేసరికి రోడ్డు మీదో, సరుగుడు తోటల్లోనో ఎండిపోతాయి, లేదా కుక్కలకూ నక్కలకూ కాకులకూ దొరికిపోతాయి. ఒడ్డెక్కబోయే తల్లి కూడా వెలుగునూ మనుషుల అలికిడినీ చూసి వెనుదిరిగిపోతుంది. అరసవల్లిలో రెండు పూటల కోసం వెలుగు దారిని కాపాడుకోవడం తెలిసిన జనానికి, పాతిక కిలోమీటర్ల అవతల కొన్ని నెలలపాటు చీకటి దారిని కాపాడటం చేతకాని పనేమీ కాదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకున్నట్టు కనబడదు. ఈ జిల్లాలో జనం వెల్లువెత్తే పండగలు ఏవి? అరసవల్లి రథసప్తమి, మాఘమాసంలో. శ్రీముఖలింగం మహాశివరాత్రి, మాఘం చివర్లో. శ్రీకూర్మం డోలోత్సవం, ఫాల్గుణ పున్నమికి. మూడూ జనవరి చివరి నుంచి మార్చి చివరిలోగా వస్తాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం సరిగ్గా అదే. ఒడిశా నుంచి, విజయనగరం, విశాఖల నుంచి వచ్చిన బస్సులూ కార్లూ దర్శనం కాగానే తీరం వైపు తిరుగుతాయి. మాఘ పున్నమి సముద్ర స్నానాలు దానికి తోడు. అంటే తీరానికి అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చేదీ, అన్నిటికన్నా తక్కువమంది రావలసిందీ ఒకే రోజుల్లో. దీన్ని ప్రమాదంగా చూడవచ్చు. అంతకన్నా మంచి అవకాశంగా చూడవచ్చని నాకనిపిస్తుంది. వినే మనసుతో వచ్చిన వేలమందికి ఒకేచోట, కూర్మనాథుడి గుడి ముందు ఈ మాట చెప్పగలిగే రోజులు కూడా అవే.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, న్యాయమైనవే. మొదటిది శాస్త్రం తెలిసినవాళ్లది. పురాణంలోని కూర్మం వేరు, గుళ్లో పెంచే నక్షత్ర తాబేలు వేరు, సముద్రపు తాబేలు వేరు. ఒకటి మెట్ట ప్రాంతపు పొదల్లో బతికే నేల జీవి, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఇంకొకటి గుడ్లు పెట్టడానికి తప్ప నేల ఎక్కదు. మూడింటినీ కలిపేసి భక్తి పేరుతో జీవశాస్త్రం చెప్పొద్దంటారు. ఆ తేడా నిజమే. దాన్ని చెరిపేయకూడదు కూడా, ఎందుకంటే తేడా తెలియని భక్తి హాని చేస్తుంది. నక్షత్ర తాబేలును పొదల్లోంచి పట్టుకొచ్చి స్వామికి సమర్పిస్తే పుణ్యమనుకోవడం పొరపాటు, చట్టం దృష్టిలో నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండింటికీ రక్షణ ఇచ్చింది. అయితే కథను ఒకసారి తలచుకోండి. పాలసముద్రం చిలికినప్పుడు మందర పర్వతం మునిగిపోతుంటే స్వామి కూర్మమై వీపున మోసింది ఎక్కడ? సముద్రం అడుగున. ఆ రూపానికి మొదటి చిరునామా సముద్రమే. ఈ పోలిక తీరంలో ఉన్నవాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఋషికుల్య మొగ దగ్గరి పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉన్నారు. ఒడ్డెక్కే తాబేలును విష్ణువు అవతారంగా చూసి, ఆ ఋతువులో గూళ్లను కాచేవాళ్లు వాళ్లు. జీవశాస్త్రవేత్తలకు అక్కడ మొదటి తోడు వాళ్లే. భక్తి విజ్ఞానానికి అడ్డు వస్తుందన్న భయానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

రెండో అభ్యంతరం బతుకుతెరువుది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా ఇది. పెద్ద హార్బరు లేక, చేపలు తగ్గి, ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వలస పోతున్నారు. 2018లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కి ఏడాదికి పైగా జైల్లో ఉన్న సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. అలాంటి ఇళ్లకు వెళ్లి తాబేలు కోసం వల దించొద్దని చెప్పడం ధర్మమా? కాదు. కానీ తాబేలును చంపేది ఎవరి వలో చూడాలి. తాబేలు గాలి పీల్చే జీవి, మధ్యమధ్య పైకి రావాలి. గంటల తరబడి అడుగున ఈడ్చే ట్రాలర్ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. ఎక్కువగా ప్రాణం తీసేవి ఒడ్డు దగ్గరికి వచ్చి ఈడ్చే మరపడవలు. 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ వేటగాళ్లవి, మరపడవలు లోపలికి రాకూడదు. ఆ గీత సరిగ్గా అమలైతే తెప్ప వేసుకునే మనిషికి చేప మిగులుతుంది, గుడ్లకు వచ్చే తాబేలు బతుకుతుంది. ఇద్దరికీ కావలసింది ఒకటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న 61 రోజుల వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. అది మొదలయ్యేసరికి తాబేళ్ల రాక దాదాపు ముగుస్తుంది. కనుక ఆ నిషేధం ఉంది కదా అని 8 కిలోమీటర్ల గీతను వదిలేయడానికి లేదు. ఇక ట్రాలర్ వలలో తాబేలు తప్పించుకునే ఇనుప చట్రం, టెడ్ అంటారు, అది అమర్చడం వల్ల వేట దెబ్బతింటుందని ఒక వాదన. అమర్చనందుకు మన సముద్రపు రొయ్యను అమెరికా కొన్నేళ్లుగా కొనడం మానేసింది. ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసి చెప్పాలి ఎవరైనా.

మూడో అభ్యంతరం పర్యాటకం గురించి. మూలపేట దగ్గర ఓడరేవు వస్తోంది, రోడ్లు వస్తున్నాయి, బీచ్‌లను అభివృద్ధి చేస్తే స్థానికులకు పని దొరుకుతుంది, చీకట్లో ఉంచితే ఎవరొస్తారు, వచ్చినవాళ్లకు భద్రత ఏది అంటారు. భద్రత మాట తీసుకుంటే, ఈ తీరంలో నదీ ముఖాల దగ్గర లోతు ఒక్కసారిగా మారుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. రాత్రి స్నానాలు మనుషులకే ప్రమాదం. సూర్యాస్తమయం తర్వాత నీళ్లలోకి దిగనివ్వకపోవడం మనిషికీ తాబేలుకూ కలిసొచ్చే నియమం. రోడ్డుకు దీపం కావాలి, ఒప్పుకుంటాను. దాన్ని కింద వైపు తిప్పి, సముద్రం వైపు మూత పెట్టి, తెల్లటి కాంతి బదులు ఎర్రటి పసుపు కాంతి వాడితే రెండు అవసరాలూ తీరతాయి. పనుల సంగతి ఇంకా సులువు. తీరమంతా ఒకేలా ఉండాల్సిన అవసరం ఏముంది? కళింగపట్నంలో జనానికి నడకదారులు, దుకాణాలు, దీపాలు ఉండనివ్వండి. దానికి ఆ పక్కా ఈ పక్కా ఇసుకను ఉన్నదున్నట్టు వదలండి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అత్యంత సున్నితమైన మండలంలో చేర్చాయి. ఆ వర్గంలో ఉన్న ఇసుక మీద రిసార్టు కట్టడం అభివృద్ధి కిందికి రాదు. అలాగే తుఫాను గాలిని ఆపే సరుగుడు తోటలు మంచివే, కానీ పోటు గీత దాకా తెచ్చి నాటితే గొయ్యి తవ్వడానికి తాబేలుకు ఇసుకే మిగలదు. కొన్ని మీటర్లు వెనక్కి నాటితే చాలు.

కొందరు ఇంకోమాట అంటారు: అటవీ శాఖ గుడ్లు సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతోంది కదా, ఇంకేం కావాలి అని. ఆ పని గొప్పది. రాత్రంతా తీరం వెంట నడిచి, నక్కలకంటే ముందు గూడు కనిపెట్టే పల్లె యువకులకు చేతులెత్తి నమస్కరించాలి. అయినా హేచరీ అత్యవసర వైద్యం లాంటిది. గుడ్లను తీసిన కొద్ది గంటల్లోనే మళ్లీ పాతాలి, కదిపితే పాడవుతాయి. ఒకేచోట ఇసుక వేడి ఒకేలా ఉండటంతో ఆడ మగ నిష్పత్తి తేడా పడే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, హేచరీ పిల్లను ఇవ్వగలదు గానీ వలలో చచ్చిపోయిన తల్లిని ఇవ్వలేదు. తీరమే సురక్షితంగా ఉంటే హేచరీ అవసరం తగ్గుతుంది. అది సాధ్యమా అంటే టెక్కలి మండలం తేలినీలాపురం వైపు చూడాలి. పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు సెప్టెంబరు నుంచి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఇళ్ల మధ్య చెట్లు, రెట్ట, వాసన, పిల్లల గోల. అయినా ఆ ఊరివాళ్లు వాటిని శుభంగా భావించి, రాకపోతే బాధపడి, తరతరాలుగా చూసుకుంటున్నారు. అక్కడ కంచె కంటే ముందు నమ్మకం పనిచేసింది. అదే జిల్లా, అదే జనం.

కాబట్టి కావలసినవి పెద్ద పెద్ద పథకాలేమీ కావు. రథసప్తమికి, శివరాత్రికి, డోలోత్సవానికి దేవాదాయ శాఖవాళ్లు మైకులో క్యూ వరుసల గురించి ఎన్నిసార్లు చెబుతారో, తీరానికి వెళ్లేవాళ్లు పాటించాల్సినవి కూడా అన్నిసార్లు చెప్పాలి. పొద్దుగూకాక ఇసుక మీదికి వాహనాలు వద్దు, మంటలు వద్దు, టార్చిలు వద్దు, ఫోన్ ఫ్లాష్‌తో ఫొటోలు వద్దు, ప్లాస్టిక్ వెనక్కి పట్టుకెళ్లాలి. ఒడ్డున తాబేలు కనిపిస్తే దూరంగా ఆగి, అది వెళ్లేదాకా కదలకుండా ఉండి, అటవీ సిబ్బందికి చెప్పాలి. శ్రీకూర్మంలో ప్రసాదం పొట్లం మీదే ఈ నాలుగు మాటలూ అచ్చు వేయవచ్చు. పర్యాటక శాఖ అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం కలిపి తిప్పే బస్సులకు తీరంలో చివరి వేళ సూర్యాస్తమయంగా పెట్టవచ్చు. తీరం పంచాయతీలు ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలను రాత్రి తొమ్మిదికి ఆర్పే తీర్మానం చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం మరచిపోకూడదు. ఫాల్గుణ పున్నమి నాటికి పెట్టిన గుడ్లు వైశాఖంలో గానీ చిట్లవు. కనుక డోలోత్సవం ముగిసి, యాత్రికులు ఇళ్లకు చేరి, మైకులు దించేశాక కూడా ఆ దీపాల నియమం మే నెల చివరి దాకా కొనసాగాలి.